వెదజల్లునవి

‘డిస్పర్సర్’ అను ఇంగ్లీషు మాటకు తెలుగేమి? వృక్షశాస్త్రపు తరగతిలో ‘వ్యాప్తి సాధనము’ అని చెప్పి ముందుకు సాగిపోవుట మా అధ్యాపకులకు అలవాటు. గాలి, నీరు, పక్షి, పశువు అన్నియు సాధనములే. గాలికిని ఏనుగుకును ఒకటే పేరుండుట నాకు వెలితిగా తోచును.

లాటిను భాషలో ‘స్పార్గెరే’ అనగా చల్లుట. ‘డిస్’ అనగా వేరువేరుగా. కాంతి రంగులుగా విడిపోవుటను చెప్పు ‘డిస్పర్షన్’, చమురును చిన్న బిందువులుగా విడగొట్టు ‘డిస్పర్సంట్’ దీని తోబుట్టువులు. వానితో ఇక్కడ పనిలేదు. మనకు ‘వెదజల్లు’ అను మాట కలదు. వెద అనగా విత్తుట. మన మాటలోనే విత్తనము దాగియున్నది.

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పము పోవు దారిని చూడుడు. మదనపల్లె మార్కెట్టులోని టమాటా అమెరికా ఖండపు మొక్క. దానిని సముద్రము దాటించినవాడు మనుష్యుడే. సర్కారు తుమ్మయు ఆ ఖండముదే. 1877 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వపు అటవీశాఖవారు విత్తనములు తెప్పించి కడప జిల్లా కమలాపురములో నాటించిరి. నాటించినది సర్కారు, ఊరూర చల్లినవి మేకలు, పశువులు. తియ్యని కాయను మేసిన పశువు పేడలో గట్టి గింజ చెడక బయటపడును. పైపొర మెత్తబడి త్వరగా మొలకెత్తును. సుమారు మూడడుగుల ఎత్తుండు పుంగనూరు ఆవుకును ఈ పనిలో చిన్నతనము లేదు.

ఏనుగు సంగతి వేరు. అది మ్రింగిన వెలగపండు పెంకు చెదరక బయటపడునని, గుజ్జు మాత్రము మాయమగునని పూర్వులు చెప్పుకొనిరి. సంపద తెలియకుండ పోవుటకు దానిని ఉపమానము చేసిరి. పెంకు మాట ఎట్లున్నను గింజల మాట నిజము. ఏనుగు తిన్నదానిలో సగమైనను సరిగా జీర్ణము కాదు. ఒకటి రెండు రోజులకు అది బయటపడునప్పటికి ఏనుగు కొన్ని మైళ్లు నడచియుండును. వెలగకు పాత శాస్త్రీయనామము ‘ఫెరోనియా ఎలిఫెంటం’. ఇప్పటిది ‘లిమోనియా ఎసిడిస్సిమా’. పేరులోని ఏనుగు తొలగిపోయినది.

చిత్తూరు అడవులనుండియు ఏనుగు చిరకాలము తొలగియుండెను. 1980 దశకములో పొరుగు రాష్ట్రముల అడవులనుండి మందలు కుప్పము, పలమనేరు వైపు వచ్చి నిలిచినవి. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. ఆ తరువాత పొలములు త్రొక్కబడినవి, మనుష్యులు చనిపోయిరి, కరెంటు తీగెలకు ఏనుగులును చచ్చినవి. పంట పోయిన రైతుతో విత్తనవ్యాప్తి గూర్చి మాటలాడు ధైర్యము నాకు లేదు.

ఐనను పెద్ద పండును పిట్ట మ్రింగజాలదు. మధ్య అమెరికాలో సుమారు పదివేల యేండ్ల క్రితము అంతరించిన పెద్ద జంతువుల కొరకు ఏర్పడిన పండ్లు నేటికిని చెట్టుక్రిందనే కుళ్లుచున్నవని 1982లో డానియల్ జాన్జెన్, పాల్ మార్టిన్ వ్రాసిరి. తినువారు పోయినను చెట్లు పండించుట మానలేదు.

ఈ సంవత్సరము తరగతిలో ‘సాధనము’ కొట్టివేసి ‘వెదజల్లునది’ అని వ్రాయించితిని. మరి గాలిని ఏమనవలెనని ఒక విద్యార్థి అడిగినాడు. దానిని సాధనముగానే ఉంచితిమి.