వాసనకు సాక్షి



మనం ఇంట్లో 'వాసన' అంటాం. గడప దాటితే అదే మాట కన్నడంలో 'వాసనె', తమిళంలో 'వాసనై', ఒరియాలో 'బాస్న', మరాఠీలో 'వాస్'. దూరం నుంచి ఎవరైనా ఈ మాటను సగం పలికితే వాళ్లది ఏ భాషో చెప్పడం మనవంటి సరిహద్దువాసులకు కూడా కష్టమే. సరిగ్గా ఇటువంటి చిక్కే వాసనను పరిశోధించే శాస్త్రజ్ఞులకూ ఎదురైంది. ఈనాటి ప్రసంగం ఆ చరిత్రను గురించే.

ముందు ప్రతిరక్షకాల సంగతి చూద్దాం. పరాయి పదార్థం శరీరంలో ప్రవేశిస్తే దాన్ని పట్టుకొనే ప్రతిరక్షకాలు రక్తంలో పుడతాయి. 1890లో బెర్లినులో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు ధనుర్వాతం, డిఫ్తీరియా వ్యాధులను పరిశోధిస్తూ, ఈ రక్షణ శక్తి రక్తరసంలో ఉంటుందని చూపించారు. 1941లో అమెరికాలో ఆల్బర్ట్ కూన్స్, ఆయన సహచరులు ప్రతిరక్షకానికి మెరిసే రంగును తగిలించారు. అంతవరకు రక్షకభటుడుగా ఉన్న ప్రతిరక్షకం, ఏ పదార్థం ఎక్కడ దాగి ఉందో చెప్పే సాక్షిగా కూడా మారింది. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ ఒకే రకం ప్రతిరక్షకాన్ని కావలసినంత తయారుచేసే పద్ధతిని కనిపెట్టారు.

ఇక ముక్కు దగ్గరకు వద్దాం. వాసనను పసిగట్టే గ్రాహకాల జన్యువులు ఒక పెద్ద కుటుంబమని 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ఎలుకలలో కనుగొన్నారు. 2004లో వారికి నోబెల్ బహుమతి లభించింది. మనుషులలో పనిచేసే ఇటువంటి జన్యువులు సుమారు 400. వాటిలో ఫలానా గ్రాహకం ఏ కణంలో ఉందో తెలియాలంటే ప్రతిరక్షకాన్నే సాక్షిగా పిలవాలి. గ్రాహక ప్రోటీనులోని చిన్న తునకను కుందేలుకు సూదితో ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాన్ని వేరుచేసి, పరీక్షించవలసిన కణాలపై పోస్తారు. అంటుకొన్నచోట మెరుస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఈ గ్రాహకాలన్నీ ఒక తల్లి బిడ్డలవంటివి. అన్నీ కణపు పొరను ఏడుసార్లు దాటుతూ ఒకే పోలికలో ఉంటాయి. తునకను మాత్రమే గుర్తుపట్టే ప్రతిరక్షకం, అక్కకు బదులు చెల్లెలి చెయ్యి పట్టుకొని మెరిసే ప్రమాదం ఉంది. సగం మాట విని భాష పేరు చెప్పడం వంటిదే ఇది.

పొరపడితే ఏమవుతుందని మీరు అడగవచ్చు. ఈ గ్రాహకాలు ముక్కులోనే కాక ఇతర అవయవాలలోనూ కనిపిస్తున్నాయి. ఓఆర్51ఈ2 అనే గ్రాహకం పురుషుల ప్రోస్టేటు గ్రంథిలో ఉంటుంది. అక్కడి క్యాన్సరులో దాని పాత్రపై పరిశోధనలు జరిగాయి. అటువంటిచోట సాక్ష్యం తప్పితే ఏళ్ల శ్రమ వృథా కావడమే కాదు, చికిత్స కోసం వెతికే దారే తప్పుతుంది.

అందుకే సాక్షిని అడ్డుప్రశ్నలు వేసి పరీక్షిస్తారు. ఆ జన్యువును తీసివేసిన కణాలపై అదే ప్రతిరక్షకాన్ని పోస్తారు. అక్కడ కూడా మెరిస్తే సాక్ష్యం చెల్లదు. 2003లో వీర్యకణాలలో ఒక వాసన గ్రాహకం పనిచేస్తున్నదని చెప్పినవారు జన్యువు ఆనవాలుతో ఆగలేదు. దాన్ని ప్రేరేపించే రసాయనాన్ని, అడ్డుకొనే రసాయనాన్ని కూడా ప్రయోగించి చూశారు. 2015లో వందమందికి పైగా శాస్త్రజ్ఞులు, ప్రయోగశాలల ప్రతిరక్షకాలకు కచ్చితమైన ప్రమాణాలు ఉండాలని బహిరంగంగా కోరారు.

2020లో కరోనా వచ్చినప్పుడు మనలో ఎందరికో వాసన తెలియకుండా పోయింది. వైరస్ తలుపు తట్టేది వాసన నాడీకణాలను కాదనీ, వాటిని ఆనుకొని ఉండే ఆసరా కణాలను అనీ ఆ ఏడాదే తెలిసింది. ఆ నిర్ణయానికి జన్యు పరీక్ష ఒక సాక్షి, ప్రతిరక్షకం మరొక సాక్షి. రెండూ ఒకే మాట చెప్పాయి.

కనుక శ్రోతలారా, ఫలానా అవయవంలో ఫలానా పదార్థం దొరికిందని ఎవరైనా చెబితే ఒక్క ప్రశ్న అడగండి: అది లేనిచోట కూడా వెతికి చూశారా?