కరోనా వైరస్‌ల వంశవృక్షము

1968లో ఎనిమిదిమంది శాస్త్రజ్ఞులు ఒక వైరస్ వర్గమునకు ‘కరోనా వైరస్’ అని పేరిడిరి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆ కణముల చుట్టు కిరీటమువంటి అంచు కనిపించుటయే అందుకు కారణము. కోడిపిల్లల శ్వాసరోగమును కలిగించు వైరస్, మనుష్యులకు జలుబు తెచ్చు వైరస్ ఇట్లు ఒక గూటికి చేరినవి. కాని వానిలో ఏవి తోబుట్టువులో, ఏవి దూరపు దాయాదులో చెప్పుటకు రూపము చాలదు.

దానిని చెప్పగలది వైరస్‌లోని ఆర్.ఎన్.ఏ. నాలుగు విధముల న్యూక్లియోటైడులను అక్షరములనుకొన్నచో, అది సుమారు 30 వేల అక్షరముల గ్రంథము. నకలు తీయునప్పుడెల్ల అందులో అచ్చటచ్చట తప్పులు దొర్లును. తాళపత్రములను పరిష్కరించు పండితులకిది క్రొత్త సంగతి కాదు. ఒకే వ్రాతతప్పులు రెండు ప్రతులలో ఉన్నచో, ఆ రెంటికిని మాతృక ఒకటేయని వారు ఊహింతురు.

2002 నవంబరులో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున సార్స్ వ్యాధి తలయెత్తి, 774 మందిని బలిగొనెను. 2003లో షెన్‌జెన్ అంగడిలోని పునుగుపిల్లులయందు 99.8 శాతము సరిపోలు వైరస్ దొరికెను. పైగా చాలమంది రోగుల వైరస్‌లలో లోపించిన 29 అక్షరముల తునక ఇందులో చెక్కుచెదరక యుండెను. పంక్తి విడిచిన ప్రతి తరువాతిది, పంక్తియున్న ప్రతి ముందటిది గదా! నేరము పునుగుపిల్లిపై పడెను. 2004 జనవరిలో వానిని వేలకొలది చంపించిరి.

అయితే పెంపకపుశాలలలోని పునుగుపిల్లులలో ఆ వైరస్ అంతగా కనిపించలేదు. 2005లో రెండు బృందములవారు గుర్రపులాడమువంటి ముక్కుగల గబ్బిలములలో దీని బంధువులను కనుగొనిరి. పోలిక 92 శాతమునకు మించలేదు. కాని గబ్బిలముల వైరస్‌లు ఒకదానితో ఒకటి ఎంతో భేదించుచుండెను. వైవిధ్యము మెండుగానున్న చోటనే వంశము చిరకాలము కాపురమున్నదని ఎంచవలెను. పునుగుపిల్లి నడుమ వచ్చిన మజిలీ మాత్రమే.

2017లో మరియొక విశేషము బయటపడెను. యున్నాన్‌లోని ఒక గుహయందలి గబ్బిలములలో సార్స్ వైరస్ జన్యుభాగములన్నియు దొరికినవి. కాని అన్నియు ఒకే వైరస్‌లో లేవు. రెండు వైరస్‌లు ఒకే జీవకణములో చేరినప్పుడు, సగము ఒక ప్రతినుండి, సగము మరియొకదానినుండి వ్రాసినట్లు కలగాపులగపు నకలు పుట్టును. అందుచేత ఒక జన్యువును పట్టి గీచిన వృక్షము మరియొక జన్యువుతో గీచినదానికి సరిపడదు. వంశవృక్షమని వాడుకగా అందుము గాని, ఇది కొమ్మలు మరల అతుకుకొను చెట్టు.

2020లో కోవిడ్ వైరస్‌ను యున్నాన్ గబ్బిలపు వైరస్‌తో పోల్చిరి. పోలిక 96.2 శాతమనగానే రెండును ఒకటేయని పలువురు తొందరపడిరి. మిగిలిన 3.8 శాతమనగా 1,100 అక్షరములకు పైమాట! తప్పులు దొర్లు వేగమునుబట్టి లెక్కింపగా, ఈ రెంటి శాఖలు విడిపోయి కొన్ని దశాబ్దములైనదని తేలెను. అది దాయాదియే గాని తల్లి కాదు. 2021లో లావోస్ గబ్బిలములనుండి 96.8 శాతము పోలినది వెల్లడియయ్యెను. అదియు తల్లి కాదు. అయినను మానవకణమునకు అంటుకొను భాగము మాత్రము ఇంచుమించు అచ్చుగ్రుద్దినట్లున్నది.