తాళంచెవుల పూచీ

భుజాన సంచి, చేతిలో ఇనుప వలయానికి గుచ్చిన తాళంచెవుల గుత్తి. తాళాలు బాగుచేసే సర్దారు వస్తున్నాడని గలగల ముందే చెప్పేది. మారుతాళం కావాలన్న ఇంటి గుమ్మంలో గొంతుక్కూర్చుని, గాట్లు లేని చెవిని తాళంలో దూర్చి బిగించి తిప్పేవాడు. లోపలి మీటలు దాని మీద సన్నని గీతలు పెడతాయి. ఆ గీతల దగ్గర ఆకురాయితో రాసి, మళ్లీ దూర్చి, మళ్లీ రాసి, చివరికి తాళం తీసేవాడు. ఇంటావిడ చెవి తీసుకుని కూలి ఇచ్చేది. అతని పేరు అడిగినవాళ్లు తక్కువ.

ఈ పనిలో ఉన్నవాళ్లలో చాలామంది సిక్లీగర్లు. సైఖల్ అంటే మెరుగు. కత్తులకు సానపట్టి మెరుగు పెట్టేవాళ్లు సైఖల్‌గర్లు. సిక్కు గురువుల సైన్యాలకు ఆయుధాలు చేసిన వంశాలమని వాళ్లు చెప్పుకుంటారు. 1878 ఆయుధాల చట్టంతో బ్రిటిష్ ఇండియాలో లైసెన్సు లేకుండా ఆయుధం చేసి అమ్మడం నేరమైంది. కత్తికి అలవాటుపడ్డ చెయ్యి తాళానికీ బాణలికీ దిగింది.

హైదరాబాద్‌లో మూసీకి దక్షిణాన, బహదూర్‌పురా పక్కనున్న కిషన్‌బాగ్‌కు సిక్కులతో అనుబంధం పాతది. అక్కడి సిక్కు ఛావనీ, రంజిత్ సింగ్ పంజాబ్ నుంచి 1832 ప్రాంతంలో నిజాం కొలువుకు వచ్చిన పటాలం పేరు మీద నిలిచింది. పటాలం వాళ్లు వేరు, సిక్లీగర్లు వేరు. బయటివాళ్లకు మాత్రం తలపాగా కనబడితే చాలు, అందరూ సర్దార్జీలే.

మరి ఇల్లంతా తెరవగల చెవిని ఒక బాటసారి చేతుల్లో పెట్టడానికి పూచీ ఎవరు? కాగితం లేదు, జామీను లేదు. వచ్చేనెల మళ్లీ అదే వీధికి రావాలి, అదొక్కటే పూచీ. లండన్‌లో ఇదే పూచీని డబ్బుగా పెట్టాడు తాళాల తయారీదారు బ్రామా. తన తాళాన్ని చెవి లేకుండా తీసినవాడికి 200 గినీలిస్తామన్న బోర్డు ఆ కంపెనీ దుకాణం కిటికీలో 1790 నుంచి ఉండేది. 1851లో హాబ్స్ అనే అమెరికన్ 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కష్టపడి దాన్ని తీశాడు. కంపెనీ డబ్బు చెల్లించింది. వీధి సర్దారుకు అంత పందెం కాసే స్తోమత ఎక్కడిది!

కాగితం మీద రాసిచ్చే పూచీ బీమా. హైదరాబాద్‌కు అది కొత్త కాదు. నిజాం ప్రభుత్వం 1907లోనే తన ఉద్యోగుల కోసం బీమా ఏర్పాటు మొదలుపెట్టింది. మరుసటి ఏడే, 1908 సెప్టెంబర్ 28న, మూసీ పొంగి వేల ప్రాణాలను మింగింది. జీతం రాళ్లున్నవాడి కుటుంబానికి సర్కారు ఏర్పాటు ఉంది. ఆకురాయి మీద బతికేవాడికి అదే నది ఒడ్డు మిగిలింది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో వచ్చి వరదకు అడ్డం నిలిచాయిగానీ, కొట్టుకుపోయిన పనిముట్లకు వెల కట్టేవాళ్లు రాలేదు.

అటు మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. స్వదేశీ ఉత్సాహంలో పుట్టిన ఇలాంటి కంపెనీల కథ జాతీయీకరణ దాకా నడిచింది. 1973 జనవరి 1న దేశంలోని 107 జనరల్ బీమా సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలయ్యాయి. తర్వాత ప్రైవేటుకు తలుపులు తెరిచారు, బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కే వచ్చింది.

చిన్న దుకాణానికి ఏం దాపురిస్తుందో కిషన్‌బాగ్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014 మే 14న అక్కడి అల్లర్లలో ఇళ్లూ వాహనాలూ కాలాయి, పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2020 అక్టోబర్‌లో వానలు నగరాన్ని ముంచెత్తాయి. ఆ మరుసటి ఏప్రిల్ 1 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ అమల్లోకి వచ్చింది. రూ.5 కోట్ల లోపు ఆస్తి ఉన్న సంస్థకు నిప్పు, వరద, అల్లర్లు అన్నీ ఒకే కాగితంలో. కానీ దొంగతనానికి ఇందులో ఓ మెలిక ఉంది: అగ్గి లాంటి ప్రమాదం వల్ల, అది జరిగిన ఏడు రోజుల్లోపు సరుకు పోతేనే పరిహారం. మామూలు రాత్రి తాళం పగలగొట్టి దోచుకుపోతే దానికి వేరే పాలసీ తీసుకోవాలి. తాళాల దుకాణానికే ఈ షరతు వినిపించడం విచిత్రం.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గుర్తించిన 18 చేతివృత్తుల్లో తాళాల పని ఒకటి, ఆయుధాల తయారీ మరొకటి. సిక్లీగర్ల పూర్వీకులకు రెండూ ఒకే కొలిమి. శిక్షణ, రూ.15,000 విలువైన పనిముట్లు, పూచీకత్తు లేని అప్పు ఇస్తారు. మేలే. కానీ చెయ్యి జారితే ఏమిటి? బీరువా లాకరు తెరవబోయి పాడుచేస్తే, చేసిన చెవి తప్పుడు మనిషికి చేరితే? ఇంగ్లండ్‌లో తాళాల పనివాళ్లకు ఇలాంటి బాధ్యత బీమా మామూలు సరుకు. ఇక్కడ పాతబస్తీ గల్లీ దాకా వచ్చి దాన్ని అమ్మే ఏజెంటు అరుదు. అప్పుకు గ్యారంటీ ఇచ్చిన సర్కారు ఈ అడుగు కూడా వెయ్యాల్సింది.

ఆ అడుగు పడేదాకా తాళాల దుకాణం ఉన్నవాళ్లు పాలసీ మీద సంతకం పెట్టే ముందు మినహాయింపుల పేజీ చదివించుకోవాలి. మరమ్మతుకు తెచ్చి తమ చేతిలో పెట్టిన పరాయి సొత్తు గురించి అందులో ఏం రాశారో ఏజెంటును అడగాలి.