తాటాకు నుండి అచ్చుపుటకు: నెల్లూరి సీమలో గ్రంథపుట రూపాంతరము

గ్రంథపుట రూపము మారినపుడు గ్రంథపాఠము మారక నిలుచునా? రూపము కేవలము అలంకారమనియు, పాఠమే ప్రధానమనియు మనము సామాన్యముగా తలంతుము. ఈ తలంపు ఎంతవరకు నిలుచునో నెల్లూరి సీమను ఆధారముగా గొని ఈ వ్యాసమున పరిశీలింతము.

1885లో పూండ్ల రామకృష్ణయ్యగారు నెల్లూరి నుండి ‘అముద్రిత గ్రంథ చింతామణి’ యను పత్రికను వెలువరింప నారంభించిరి. పేరే దాని పూనికను తెలుపుచున్నది. తాటాకులపై నిలిచియున్న కృతులను అచ్చులోనికి తెచ్చుట దాని పని. అంతకు పూర్వమే, 1854లో, ఆ సీమవారేయైన వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు చెన్నపురిలో ముద్రణాలయమును నెలకొల్పియుండిరి. సముద్రతీరపు తేమకును పురుగులకును తాటాకు చిరకాలము నిలువదు. కావున తరతరమునకు ప్రతులు వ్రాసికొనుట తప్పనిసరి యయ్యెను. అచ్చు ఆ పనికి కొనసాగింపేయైనను, అది పుట స్వరూపమునే మార్చివేసెను.

తాటాకు పుట యెట్టిది? అది వెడల్పు తక్కువ, నిడివి యెక్కువ. త్రాటికొఱకు రంధ్రము విడువవలెను. గంటముతో గీచిన యక్షరములకు మసియు ఆకుపసరును పూసి నలుపు తెచ్చెడివారు. సంఖ్య పుటకు గాక ఆకునకు వేయబడెడిది. పదముల నడుమ ఎడము లేదు. పద్యపాదములు వేఱువేఱు పంక్తులుగా నుండవు. ఇది లేఖకుని యజాగ్రత్త గాదు. యతిప్రాసలును గణములును తెలిసిన పాఠకుడు పాదాంతమును చెవితోనే గుర్తించును. ఆ పుట చెవికి తోడ్పడుటకు ఏర్పడినది. అచ్చుపుట కంటికొఱకు ఏర్పడినది.

ఈ మార్పులో పరిష్కర్తకు మూడు నిర్ణయములు తప్పవు. మొదటిది పదవిభాగము. ‘మావిడాకులు’ అని కలిపి వ్రాసిన మాటను మావిడి యాకులుగా గ్రహించుటయా, ‘మా విడాకులు’గా గ్రహించుటయా యన్నది ఎడము ఉంచిన క్షణముననే తేలిపోవును. రెండవది హ్రస్వదీర్ఘ నిర్ణయము. ప్రాచీన లేఖనమున ఎ, ఏలకును, ఒ, ఓలకును భేదము బహుధా కనబడదు. అట్టిచోట ‘మెడ’యో ‘మేడ’యో పద్యమున ఛందస్సు చెప్పును, వచనమున అర్థమే శరణ్యము. మూడవది చిహ్నముల చేర్పు. ‘ఏఁడు’ సంవత్సరము, ‘ఏడు’ సంఖ్య. వ్రాతప్రతిలో లేని యరసున్నను చేర్చినవాడు ఒక యర్థమును స్థిరపఱచుచున్నాడు.

ఇట్లు చూడగా పుటను తీర్చుటయే వ్యాఖ్యానమగుచున్నది. అయితే వ్యాఖ్యాత పేరు వ్యాఖ్యపై నుండును. ఎడము నుంచినవాని చేయి ఎచ్చటను కానరాదు. చిక్కంతయు నిచ్చట నున్నది.

శాసనముల విషయమున వేఱొక సంప్రదాయ మేర్పడినది. నెల్లూరు మండల శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగార్లు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. శాసన పరిష్కర్తలు ఱాతిపంక్తులకు సంఖ్యలు వేయుదురు. చెదరిన యక్షరములను కుండలీకరణములలో చూపుదురు. అందుచేత పాఠకుడు ఱాతిమీది దానిని, పరిష్కర్త చేర్చినదానిని వేఱుచేసి చూడగలడు. తాళపత్రకృతులకు ఈ మర్యాద అంతగా దక్కలేదు.

నేడు అచ్చుపుట మరల రూపము మార్చుకొనుచున్నది. 1991లో యూనికోడులో తెలుగులిపికి స్థానము కలిగెను. కాని పాతపుస్తకములలోని నకారపొల్లునకు ప్రత్యేకసంకేతము 2021లో గాని లభింపలేదు. ఆ నడిమి ముప్పదియేండ్లలో ఆ పుస్తకములను కంప్యూటరున కెక్కించినవారు దానిని సామాన్యమైన ‘న్’గానే వ్రాయవలసివచ్చెను. పాఠము చెడలేదు; కాని ప్రతి యే కాలపుదో తెలుపు గుర్తులలో ఒకటి చెరిగిపోయెను.

పాతరూపమునే పట్టుకొని వ్రేలాడవలెనని మా యభిప్రాయము గాదు. పుట మాఱనిచో ఆ కృతులు నేటివారికి చదువరానివై యుండెడివి. చింతామణివంటి పత్రికల యుపకృతి యిందే యున్నది. పరిశోధక విద్యార్థులకు మేము సూచించునది యొక్కటియే: క్రొత్తపుటను తీర్చునపుడు పాతపుట స్వరూపమును, అనగా ఆకుల సంఖ్యను, పంక్తుల సంఖ్యను, తాము చేర్చిన ఎడములను, చిహ్నములను పీఠికలో నమోదు చేయవలెను. అప్పుడే రాబోవు పాఠకుడు మన నిర్ణయమును పరీక్షింపగలడు, వలసినచో త్రోసిపుచ్చగలడు.