ఏడు సముద్రాలు, ఒక్కో మానా

రాత్రి తొమ్మిదింపావు. విద్యానగర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. తలుపు దగ్గరగా వేసి ఉంది, నెట్టుకుని లోపలికి రండి. భోజనాలు అయిపోయాయి. అక్క ఆవకాయ జాడీని అలమరలో పెట్టి, బల్లను ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచింది. అప్పటిదాకా తమ్ముడు తన అట్టపెట్టె మూత తీయలేదు. కార్డుకి నూనె చుక్క తగిలితే ఇక దాన్ని బాగుచేసే మార్గం లేదు.

ఆ ఖాళీ కుర్చీలో కూర్చోండి. పెట్టెలోంచి ఒక్కొక్కటీ బయటికొస్తున్నాయి: పాత మ్యాజిక్ కార్డులు, పారదర్శకమైన ప్లాస్టిక్ స్లీవ్‌లు, కత్తెర, స్టీలు స్కేలు, సాయంత్రం జిరాక్స్ షాపులో తీయించిన ఖాళీ చట్రాల ప్రింట్లు. ప్రతి ప్రింటూ 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల ఎత్తు. ఆ కొలతకు కత్తిరించి, పాత కార్డు ముందు పెట్టి, రెంటినీ ఒకే స్లీవులోకి తోస్తాడు. కలిపితే చేతికి అసలు కార్డులాగే తగులుతుంది.

నగరంలో 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే కార్డుల ఆట ఆడే మిత్రులు కొందరు తమలో తాము పెట్టుకున్న పోటీ ఇది. ఒక్కరు ఒక్క కార్డే పంపాలి. అందులో మన జానపద కథ ఒకటి ఉండాలి, కానీ ఆ కథను ఎక్కడా చెప్పకూడదు. కార్డును ఆడుతున్నవాడికి ఆటలోనే అది తెలిసిపోవాలి. గడువు ఈ రాత్రి పన్నెండు. ఆ తర్వాత అందరి కార్డులనూ అందరూ ఆడి చూసి ఓటు వేస్తారు.

తమ్ముడు ఎంచుకున్నది బాలనాగమ్మ కథ. మనలో చాలామందికి అది బుర్రకథగానో, తోలుబొమ్మలాటగానో, అమ్మమ్మ నోటగానో తెలిసిందే. 1942లో జెమినీ వాళ్ళు తీసిన సినిమాలో కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. మాంత్రికుడైన ఆ మరాఠీ బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్తను రాయి చేస్తాడు. మాంత్రికుడికి చావు లేదు, ఎందుకంటే ప్రాణం వాడి ఒంట్లో లేదు. ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. చివరికి కొడుకు పెరిగి పెద్దవాడై ఆ చిలకను పట్టుకుంటాడు.

"ఇంత కథ అంత చిన్న డబ్బాలో పడుతుందా రా?" అంటోంది అక్క. ఆమె ఉద్యోగం ఒప్పంద పత్రాలు సరిచూడటం. ఒక వాక్యానికి రెండు అర్థాలు వస్తే ఆమె కన్ను అక్కడే ఆగిపోతుంది. కార్డులు రాసేవాడికి ఇంట్లో ఇలాంటి మనిషి ఉండటం అదృష్టమని నేనంటాను.

ప్రాణాన్ని వేరేచోట దాచుకునే మాంత్రికుడు ఈ ఆటకు కొత్తేమీ కాదు. 2010లో వచ్చిన 'ఫైలాక్టరీ లిచ్' అనే కార్డుంది. మూడు నల్ల మానా (మంత్రాలకు చెల్లించే శక్తి) ఇస్తే చాలు, 5/5 బలం, అంటే కొట్టే బలం అయిదు, తట్టుకునే బలం అయిదు; పైగా నాశనం కాదు. అది వచ్చేటప్పుడు మీ దగ్గరున్న ఏదో ఒక వస్తువు మీద ఒక కౌంటర్ పెడతారు. ఆ వస్తువు పోతే లిచ్ కూడా పోతుంది. రష్యా కథల్లో కొశ్చెయ్ ప్రాణం గుడ్డులోని సూదిలో ఉన్నట్టు, మన మరాఠీ ప్రాణం చిలకలో ఉన్నట్టు. తమ్ముడు ఆ కార్డును బల్ల మధ్యలో పెట్టి వేలితో చూపిస్తున్నాడు.

"ఇదే చెయ్యొచ్చక్కా. వస్తువు బదులు చిలక. కానీ ఇందులో సముద్రాలు లేవు. దాటడం లేదు. ఎదుటివాడు చిలకను ఒక దెబ్బ వేస్తే అయిపోతుంది."

నాకు నచ్చినది ఈ మాటే. ప్రాణం చిలకలో ఉండటం ఆ కథలో సగమే. రెండో సగం ప్రయాణం. బొమ్మలో సముద్రం గీసి, కింద వాలు అక్షరాల్లో రెండు అందమైన ముక్కలు రాసి ఊరుకునేవాళ్ళు ఉన్నారు. అవి అలంకారాలు. ఎదుటి ఆటగాడికి సముద్రం దాటిన అలసట తెలియకపోతే కార్డులో సముద్రం లేనట్టే.

కాగితం మీద వాడి మొదటి ఆలోచన చూడండి. మరాఠీ మీద ఏడు సముద్రపు కౌంటర్లు ఉంటాయి. ఎదుటివాడి జీవి మీకు దెబ్బ కొట్టినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. అక్క కలం తీసి పక్కన లెక్క వేసింది. ఆటగాడి ప్రాణం ఇరవై. నాలుగు బలం ఉన్న జీవి అయిదు దెబ్బలు కొడితే ఆటే ముగుస్తుంది. ఏడో సముద్రం దాకా వెళ్ళేదెవరు? మూడుకు తగ్గిస్తే సరిపోతుంది. కానీ మూడు సముద్రాలని ఏ అమ్మమ్మ చెప్పింది?

తమ్ముడు లేచి బాల్కనీ దాకా వెళ్ళి వస్తున్నాడు. మళ్ళీ కూర్చుని రాశాడు: ఒక మానా చెల్లిస్తే ఒక సముద్రం తొలగుతుంది. ఈ శక్తిని ఏ ఆటగాడైనా వాడుకోవచ్చు.

ఆ రెండో వాక్యం వాడు కనిపెట్టింది కాదు. ఈ ఆటలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే, అరుదుగా కనిపిస్తుంది. కానీ ఇక్కడ అది పడగానే కార్డు స్వరూపం మారిపోయింది. ఇప్పుడు ఎదుటివాడు తన మంత్రాలకు దాచుకున్న మానాను ఖర్చుపెట్టి ఒక్కో సముద్రం దాటాలి. దాటుతున్నంతసేపూ వాడు బాలనాగమ్మ కొడుకు.

అయితే దాటాలని వాడికి ఎందుకనిపించాలి? అందుకే అపహరణ. మరాఠీ వచ్చేటప్పుడు ఎదుటివాడి జీవి ఒకటి మీ వశమవుతుంది, మరాఠీ ఉన్నంతవరకే. 2007లో వచ్చిన 'సోవర్ ఆఫ్ టెంప్టేషన్' ఇలాగే పనిచేస్తుంది. మరాఠీ చస్తే తల్లి ఇంటికొచ్చేస్తుంది. ఈ ఒక్క వాక్యంలో కథ మొదలూ చివరా రెండూ ఉన్నాయి.

"మరి రంగు?" అంది అక్క.

ఇది అడగాల్సిన ప్రశ్నే. ఆటలో అయిదు రంగులు. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఒక్కోదానికి చేతనైన పనులు కొన్ని, చేతకానివి కొన్ని. చీఫ్ డిజైనర్ మార్క్ రోజ్‌వాటర్ ఏళ్ల తరబడి కాపాడుకొస్తున్న విభజన ఇది. నల్ల రంగు చంపుతుంది, చచ్చినవాళ్ళను లేపుతుంది. ఎదుటివాడి జీవిని లొంగదీసి తనదిగా ఉంచుకోవడం ప్రధానంగా నీలం పని. అన్ని రంగులూ అన్ని పనులూ చేస్తే రంగులెందుకు? తమ్ముడు మరాఠీని నీలం, నలుపు రెండు రంగుల కార్డుగా మార్చాడు. ఖర్చు ఆరు మానా, బలం 4/4, నాశనం కాదు. మాయ నీలానిది, చావును మోసం చేయడం నలుపుది.

ఇక భర్తను రాయి చేయడం: ప్రతి వంతులో ఒక జీవిని కదలకుండా కట్టేసే శక్తి. ఆ తర్వాత చిలక: ఏడో సముద్రం పోయాక 0/1 బలంతో ఒక టోకెన్ వస్తుంది, అది చస్తే మరాఠీని వదులుకోవాలి. ఇవన్నీ ఒక డబ్బాలో పట్టాలి. లాప్‌టాప్‌లో చూడండి, తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు. వరుసకూ వరుసకూ మధ్య ఇంగ్లీషు కార్డుకన్నా ఎక్కువ చోటు వదలాలి, లేకపోతే ఈ వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. అక్షరం చిన్నది చేస్తే బల్ల అవతల కూర్చున్నవాడు చదవలేడు.

"చిలకను తీసెయ్. ఏడో సముద్రం పోగానే మరాఠీ చస్తాడు. ఒక వరుస మిగులుతుంది" అంది అక్క.

"చిలక లేకుండా మరాఠీ ఏంటక్కా!"

"బొమ్మలో ఉంచుకో."

బొమ్మ వాడే గీశాడు. దాన్ని వేసే గడి వెడల్పు రెండు అంగుళాలకు కాస్త పైన, అంతే. అందుకే దూరంగా సముద్రం, మంత్రాలమర్రి, గుర్రాలు అన్నీ చెరిపేసి, చెట్టు తొర్రలో పెద్దగా చిలకను, దాని కంట్లో మరాఠీ నీడను మాత్రమే ఉంచాడు. మనవాళ్ళకు ఈ నేర్పు ఏనాటిదో. దశావతార గంజిఫాలో నూట ఇరవై గుండ్రటి ముక్కలుంటాయి, అవతారానికి పన్నెండు. అంత చిన్న వృత్తంలో కూర్చున్న నరసింహుణ్ణి చేతిలో పేకలు విప్పగానే గుర్తుపట్టాలి. చిన్న చోట బొమ్మ గీసేవాడు దేన్ని వదిలేయాలో ముందు నిర్ణయించుకుంటాడు.

పది దాటింది. గంట మోగింది. కింది అంతస్తు కుర్రాడు, వాడి స్నేహితుడు వచ్చారు. ఇద్దరికీ కథ సంగతి చెప్పొద్దని తమ్ముడు అక్కకు ముందే సైగ చేశాడు. కార్డు మీద పేరు కూడా వేయలేదు, బొమ్మా లేదు. చేత్తో రాసిన ఒట్టి నియమాలే.

1993లో గణితంలో పీహెచ్‌డీ చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ ఈ ఆటను లోకంలోకి వదిలేముందు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్నేహితుల చేత ఇలాగే ఆడించాడు. దొరికిన బొమ్మలు జిరాక్స్ తీసి అతికించిన ముక్కలవి. ఆ తర్వాత కంపెనీ కూడా ఆటగాళ్ళనే అడిగి, ఓట్లు వేయించి కొన్ని కార్డులు చేసింది. 2004లో వచ్చిన 'క్రూసిబుల్ ఆఫ్ వరల్డ్స్', 2014లో వచ్చిన 'వేస్ట్ నాట్' అలా పుట్టినవే. మొదటిదాన్ని ఈనాటికీ వెతుక్కుని ఆడతారు. వాడేవాళ్ళే తయారుచేసిన వస్తువులో అలాంటి మన్నిక ఉంటుందని నా నమ్మకం.

ఆట మొదలైంది. కింది అంతస్తు కుర్రాడిది తెలుపు, ఎరుపు డెక్. 'సెర్రా ఏంజెల్' దించాడు, 4/4, ఎగురుతుంది. ఆరో వంతులో తమ్ముడు మరాఠీని దించి, సముద్రాలకు గుర్తుగా ఏడు గవ్వలు వరసగా పేర్చి, చెయ్యి చాపాడు. "నీ ఏంజెల్ ఇటివ్వు."

కుర్రాడి మొహం చూడండి. ఇష్టంలేకుండా తోశాడు. తర్వాతి వంతులోనే తెల్ల మానా ఒక్కటి పెట్టి 'స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్' వేశాడు. ఆ మంత్రం చంపదు, ఆటలోంచే పంపేస్తుంది. నాశనం కాకపోవడం దానిముందు పనికిరాదు. మరాఠీ వెళ్ళిపోయాడు, గవ్వలు ఒక్కటీ కదలకుండానే.

"దీనికి కూడా అడ్డు పెట్టాలక్కా. ఏ మంత్రమూ తగలకూడదు."

"అన్ని దారులూ మూసేస్తే అవతలివాడు ఆడేదేంటి? వాడి దగ్గర ఆ కార్డుంది, వాడాడు. వదిలెయ్."

అక్క చెప్పింది న్యాయం. తమ్ముడు కాసేపు గింజుకుని ఒప్పుకున్నాడు.

రెండో ఆట. ఈసారి స్వోర్డ్స్ చేతికి రాలేదు. ఏంజెల్ మళ్ళీ అటు పోయింది. కుర్రాడు కార్డును దగ్గరికి తీసుకుని పెదాలు కదుపుతూ చదివాడు. ఒక వంతులో మూడు మానా కట్టి మూడు గవ్వలు పక్కకు జరిపాడు. ఆ వంతులో ఇంకేమీ చేయలేకపోయాడు, తన ఏంజెల్ చేతిలోనే నాలుగు దెబ్బలు తిన్నాడు. తర్వాతి వంతులో నాలుగు మానా. చివరి గవ్వ జరిపి అడిగాడు:

"సరే, ఏడు సముద్రాలూ దాటేశా. చిలకేదన్నా?"

బల్ల చుట్టూ ఒక్కసారిగా గోల. కార్డు మీద చిలక అన్న మాటే లేదు. మరాఠీ అన్న పేరు లేదు. వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎత్తుకుపోవడం, చావు లేకపోవడం, ఏడు సముద్రాలు చాలు, మిగిలింది వాడి నోట్లోంచే వచ్చింది.

అక్క లాప్‌టాప్‌ను తనవైపు తిప్పుకుంది. "రాయి చేసే శక్తిని రెండు ఆటల్లో ఎవడూ వాడలేదు. తీసేస్తున్నా. ఆ చోటులో నీ చిలకను పెట్టు."

తమ్ముడు టైపు చేస్తున్నాడు. వెనకనుంచి చదవండి: 'చివరి సముద్రం తొలగినప్పుడు, చిలక అనే 0/1 పక్షి టోకెన్ మీ వైపు వస్తుంది. ఆ చిలక చనిపోయినప్పుడు మరాఠీని వదులుకోండి.' అక్క 'మీ వైపు' దగ్గర ఆగింది. మీ అంటే ఎవరు? సముద్రం దాటినవాడా, మరాఠీ యజమానా? ఆ మాట కొట్టేసి 'మరాఠీని నడిపే ఆటగాడి వైపు' అని రాసింది. ఒక వరుస పెరిగింది. వాలు అక్షరాల వాక్యాన్ని మొత్తంగా తీసేశారు. నాకేమీ బాధ లేదు.

పదకొండున్నర. ప్రింటు తీసే వేళ కాదు. పాత ముక్క వెనక పెన్సిల్‌తో రాసి, అదే స్లీవులో దూర్చారు. చిలకకు ఒక ఆకుపచ్చ గుండీ దొరికింది. ఇంకో ఆట వేసేంత సమయం ఉంది.

మరాఠీ దిగాడు. ఏంజెల్ అటు పోయింది. ఈసారి కుర్రాడు ఏ వంతులోనూ పూర్తిగా ఆగలేదు. చిన్న జీవుల్ని అడ్డం పెడుతూ, రెండేసి సముద్రాలు దాటుతూ వచ్చాడు. ఏడో గవ్వ జరిగింది. గుండీ బల్లమీదికొచ్చింది. తమ్ముడి చేతిలో చిలకను కాపాడే కార్డు ఒక్కటీ లేదు. అది మీకు కనిపిస్తోంది, కుర్రాడికి కనిపించదు. వాడు ఒక కార్డు తీశాడు, ఎర్ర మానా ఒక్కటి అడ్డంగా తిప్పాడు.

"లైట్నింగ్ బోల్ట్. మరాఠీ మీద కాదు, చిలక మీద."

మూడు దెబ్బల మంత్రం, ఒక్క ప్రాణం ఉన్న పిట్ట. తమ్ముడు గుండీ తీసేశాడు, మరాఠీని గ్రేవ్‌యార్డ్‌లో పెట్టాడు. ఏంజెల్‌ను బల్ల అవతలికి జరిపి, లాప్‌టాప్ దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు.

"అక్కా, ఖర్చు ఆరే ఉంచనా, అయిదు చేయనా?"

"ఆరే. పంపేయ్ రా, టైమ్ చూడు."