చేత్తో చూసే బేరం



ఏటేటా ఈ నివేదికలో మా గ్రామైక్య సంఘం తరఫున పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, గేదెలు, కుట్టు మిషన్లు రాస్తూ వచ్చాం. ఈ ఏడు ఒక బడ్డీ కొట్టు గురించి రాస్తున్నాం. కొట్టు చిన్నదే, మా ఊరి స్కూలు ఎదురుగా ఉంటుంది. దాని వెనకాల కథ మాత్రం చాలా పాతది, అమెరికా దాకా పోతుంది. ఆ కథ మాకు ముందే తెలిసుంటే ఒక చెల్లెల్ని అన్ని నెలలు తిప్పేవాళ్ళం కాదు.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. మా సంఘంలో ఒక చెల్లెలికి చూపు లేదు. మూడేళ్ళప్పుడు తట్టు పోసింది, దాంతో కళ్ళు పోయాయి. అన్నా వదినల దగ్గర ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా పొదుపు కడుతోంది, ఒక్క నెల తప్పలేదు. పోయిన ఏడు ఆ అమ్మాయి మీటింగులో లేచి, "నాకు 30,000 అప్పు ఇవ్వండక్కా, బడ్డీ కొట్టు పెట్టుకుంటాను" అంది. మేమందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వంద ఇచ్చి ఐదొందలిచ్చానంటే ఏం చేస్తావే అని ఒకరు. చిన్నపిల్లలే చాక్లెట్లు ఎత్తుకుపోతారమ్మా అని ఇంకొకరు. 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది కదా, హాయిగా ఇంట్లో కూర్చోక ఎందుకీ గొడవ అని మరొకరు. చెడ్డ మనసుతో ఎవరూ అనలేదు. మినిట్స్ పుస్తకంలో "వచ్చే మీటింగులో చర్చించవలెను" అని రాశాం. అలా మూడు నెలలు మూడుసార్లు రాశాం. ఆ పుస్తకం ఇప్పుడు తీసి చూస్తే సిగ్గేస్తుంది. ఆ అమ్మాయి కట్టిన పొదుపులోంచే మేము గేదెలు కొనుక్కున్నాం. పొదుపు తీసుకునేటప్పుడు చూపుందా అని అడగలేదు, అప్పు దగ్గరికొచ్చేసరికి అడిగాం.

మన గోదావరి జిల్లాల్లో అన్నం పెట్టడానికి ఎవరూ వెనకాడరు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టిన నేల ఇది. చూపు లేనివాళ్ళు గుమ్మంలోకొస్తే ఒక ముద్ద పెడతాం. వాళ్ళు కొట్టు పెట్టుకుని మనకే సరుకు అమ్ముతామంటే మాత్రం కాళ్ళు వెనక్కి పోతాయి.

మూడో మీటింగు అయ్యాక ఆ అమ్మాయి పక్క ఊరి నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చింది. ఆయనకీ చూపు లేదు. చుట్టుపక్కల అందరూ ఎస్టీడీ బాబాయి అంటారు. ఇదివరకు ఎస్టీడీ బూతు నడిపిన మనిషి. ఆయన చెప్పిన సంగతులు, తరవాత మేము అడిగి, చదివి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాం.

చూపు లేనివాళ్ళకి కొట్టు నేర్పి, చోటు చూపించి కూర్చోబెట్టడం అనేది అమెరికాలో 1936లో చట్టమైంది. అక్కడ అప్పుడు బాగా కరువుగా ఉంది, కళ్ళున్నవాళ్ళకే పని లేదు. షెప్పర్డ్ అనే సెనేటరు, రాండాల్ఫ్ అనే ఇంకో పార్లమెంటు సభ్యుడు కలిసి పెట్టిన చట్టం అది, వాళ్ళ పేర్లతోనే పిలుస్తారు. జూన్ 20న రూజ్‌వెల్ట్ సంతకం పెట్టాడు. ఆయనకీ పోలియో వచ్చి కాళ్ళు పనిచేసేవి కావు. కేంద్ర ప్రభుత్వం ఆఫీసుల్లో, పోస్టాఫీసు లాంటి బిల్డింగుల్లో చూపు లేనివాళ్ళకి కొట్టు పెట్టుకునే లైసెన్సు ఇచ్చారు. మొదట్లో పేపర్లు, సిగరెట్లు, మిఠాయిలు అమ్మేవారు. తరవాత కాఫీ, టిఫిను వచ్చాయి. ఆ తరవాత డబ్బులు వేస్తే సరుకు బయటికొచ్చే మిషన్లు వచ్చి కొట్ల బేరం కొట్టేస్తుంటే, 1974లో చట్టం మార్చి, ఆ మిషన్ల రాబడిలో కూడా వాటా వచ్చేలా చేశారు. సరుకు మారింది, కాలం మారింది, వాళ్ళ చోటు మాత్రం పోలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మన కథలో తేడా వచ్చింది ఇక్కడే.

మన దేశంలో యుద్ధంలో కళ్ళు పోయిన సిపాయిల కోసం 1943లో డెహ్రాడూన్‌లో ఒక హాస్టలు పెట్టారు. అక్కడే 1950లో పెద్దవయసు అంధులకి పనులు నేర్పే కేంద్రం వచ్చింది. ఆడవాళ్ళ విభాగానికి ఇంకో ఏడేళ్ళు పట్టింది, అది మనకేం కొత్త కాదు లెండి. 1952లో బొంబాయిలో జాతీయ అంధుల సంఘం మొదలైంది. నేర్పినవి ఎక్కువగా కుర్చీలు అల్లడం, నేత, కొవ్వొత్తులు, సుద్దముక్కలు. చేతిపని నేర్పారు గానీ బేరం చెయ్యడం నేర్పింది తక్కువ. తయారుచేసిన కొవ్వొత్తి ఎవరికో ఇచ్చేస్తే వాళ్ళు అమ్ముకునేవారు. సంఘంలో అప్పడాలు, పచ్చళ్ళు పెట్టినవాళ్ళకి ఈ బాధ తెలుసు. చెయ్యడం ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు.

బాబాయి బూతు పెట్టింది తొంభైల్లో. 1984లో శాం పిట్రోడా గారితో సీ-డాట్ మొదలయ్యాక పల్లెటూళ్ళకి ఫోను ఎక్స్‌ఛేంజీలు వచ్చాయి, ఊరూరా ఎస్టీడీ బోర్డులు వెలిశాయి. ఆ బూతులు ఇవ్వడంలో వికలాంగులకి ముందు వరస ఉండేది. మన దేశంలో చూపు లేనివాళ్ళు దర్జాగా గల్లాపెట్టె ముందు కూర్చున్న కాలం అదేనని బాబాయి అంటారు. మన వైపు ఆడవాళ్ళు కువైట్, మస్కట్ వెళ్ళడం ఎక్కువ కదా. వాళ్ళ పిల్లలు, అమ్మలు రాత్రి బాగా పొద్దుపోయాక, రేటు తగ్గాక వచ్చేవాళ్ళు. బిల్లు చీటీ మిషన్లోంచి వస్తే చదివి చెప్పేది ఫోను చేసినవాళ్ళే. "ఒక్కళ్ళు కూడా తక్కువ చదవలేదా బాబాయ్?" అని అడిగాం. "చదివారమ్మా, ఇద్దరో ముగ్గురో. మిషను టిక్కుమన్న లెక్క నా చెవిలో ఉండేది. నేను అడిగితే వాళ్ళే నవ్వేసి ఇచ్చేవాళ్ళు" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. ఆయనకి కనపడదని ఆడవాళ్ళు అక్కడ మొహం దాచుకోకుండా ఏడ్చేవాళ్ళట.

1995లో పార్లమెంటు వికలాంగుల చట్టం చేసింది. వ్యాపారం పెట్టుకోవడానికి వాళ్ళకి తక్కువ ధరకి స్థలం ఇచ్చే పథకాలు పెట్టాలని అందులో రాశారు. అదే ఏడు జులై 31న మన దేశంలో మొదటి సెల్‌ఫోను మోగింది. ఒక పక్క చట్టం వస్తుంటే ఇంకో పక్క ఆ బూతుల్ని మింగేసేది కూడా వచ్చేసింది, ఎవరికీ తెలియలేదు. 2003లో వచ్చే కాల్సుకి డబ్బులు కట్టక్కర్లేదన్నాక బూతులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బాబాయికి ఫోను ఇచ్చారు గానీ చోటు ఇవ్వలేదు. ఫోను పోగానే చోటూ పోయింది. ఆ గదికి ఆయన అద్దెకున్నవాడే, సొంతదారు ఖాళీ చెయ్యమన్నాడు. ఇంకో పని నేర్పుతామని ఎవరూ రాలేదు.

తరవాత పదేళ్ళు బాబాయి రైళ్ళలో అమ్మారు. రత్నాచల్, సింహాద్రి, ప్యాసింజరు బళ్ళు. తాళాలు, దువ్వెనలు, ఫోను కవర్లు, పెన్నులు. కొవ్వూరు దాటి బండి చప్పుడు మారితే గోదావరి మీదకొచ్చాం అని, మళ్ళీ చప్పుడు పలచబడితే రాజమండ్రి అని తెలిసేదట. మనమందరం ఆ బళ్ళలో అలాంటివాళ్ళని చూసినవాళ్ళమే. పది రూపాయలిచ్చి దువ్వెన వద్దులెండి అన్నవాళ్ళం కూడా ఉన్నాం. "దువ్వెన తీసుకోకుండా డబ్బులిస్తే ఆ రోజు అన్నం సయించేది కాదు" అన్నారాయన. పైగా రైల్లో అనుమతి లేకుండా అమ్మడం తప్పు. అప్పట్లో 1989 రైల్వే చట్టం 144వ సెక్షను కింద జరిమానా, ఏడాది దాకా జైలు కూడా వెయ్యడానికి వీలుండేది. అడుక్కోవడమూ అమ్ముకోవడమూ రెండూ ఆ ఒక్క సెక్షన్లోనే ఉండేవి. ఆయన రెండుసార్లు జరిమానా కట్టారు.

ఇదంతా విన్నాక ఎవరం ఏం మాట్లాడలేదు. మా సంఘం రెండో లీడరు లేచి పర్సులోంచి నోట్లు తీసి ఆ అమ్మాయి చేతిలో కలిపి పెట్టింది. ఒక్క నిముషంలో విడదీసి చెప్పేసింది. ఒక పాత వంద దగ్గర ఆగి, "ఇది బాగా నలిగిపోయింది, అట్టతో కొలవాలి" అంది. అప్పుడు తీర్మానం రాశాం, అందరం సంతకాలు పెట్టాం.

రెండు నెలలు బాబాయి వచ్చి నేర్పారు. మేము పక్కన కూర్చుని చూసినవి రాస్తాం, మీ ఊళ్ళో ఎవరికైనా పనికొస్తాయి.

నోట్ల సంగతి. కొత్త నోట్లలో 100 కంటే 200, దానికంటే 500 నాలుగేసి మిల్లీమీటర్లే పొడుగు. ఒక అట్టముక్కకి ఆ కొలతల్లో గంట్లు పెట్టించారు. నోటు దాని మీద పెడితే ఎక్కడికొచ్చిందో వేలికి తెలుస్తుంది. నోటు అంచుల్లో ఉబ్బెత్తు గీతలుంటాయి, 100కి నాలుగు, 200కి నాలుగూ మధ్యలో రెండు చుక్కలూ, 500కి ఐదు. నలిగిన నోటు మీద అవి అరిగిపోతాయి కాబట్టి వాటినే నమ్ముకోకూడదు. 2020లో రిజర్వు బ్యాంకు మణి అని ఒక యాప్ పెట్టింది, ఫోను ముందు నోటు పెడితే ఎంతో చెబుతుంది. 2016 నవంబరులో నోట్లు మార్చినప్పుడు ఈ యాప్ లేదు. పాత కొలతలు అలవాటైన చేతులు ఆ నెలల్లో ఎంత ఇబ్బంది పడ్డాయో బాబాయి చెబుతుంటే విన్నాం.

చిల్లర కథ ఇంకా చిత్రం. మన అమ్మల కాలంలో ఐదు పైసలు నలుచదరం, మూడు పైసలు, ఇరవై పైసలు ఆరు మూలలు, పది పైసల అంచు అలలు అలలుగా ఉండేది. కళ్ళు మూసుకుని చెప్పచ్చు. రెండు రూపాయల బిళ్ళకి కూడా పదకొండు మూలలుండేవి. తరవాత దాన్ని గుండ్రం చేసేశారు, రూపాయికీ దానికీ మనకే తికమక. 2019లో మళ్ళీ చూపు లేనివాళ్ళని తలుచుకుని కొత్త బిళ్ళలు తెచ్చారు, 20 రూపాయల బిళ్ళకి పన్నెండు మూలలు. తూకం సంగతీ అంతే. గిద్ద, సోల, తవ్వ, మానిక ఉన్న రోజుల్లో కొలత చేతిలోనే ఉండేది. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక అంకె కంటికే కనపడుతుంది, చేతికి తెలీదు. అందుకని ఆ అమ్మాయి పప్పులు, పల్లీలు తూకం మీద అమ్మదు, ముందే కొలిచి కట్టిన పొట్లాలే పెడుతుంది. సరుకంతా వరస తప్పకుండా సర్దుకుంటుంది. ఎవరూ ఆ వరస కదపకూడదు, సాయం చేస్తున్నామని వెళ్ళి సర్దితే అదే పెద్ద నష్టం. ఇది వదినగారికి అర్థం కావడానికే పదిహేను రోజులు పట్టింది.

అప్పు తేలిక, చోటు కష్టం అయింది. 2016 చట్టం 37వ సెక్షను ప్రకారం పేదరికం తగ్గించే పథకాల్లో 5 శాతం వికలాంగులకి కేటాయించాలి, అందులో ఆడవాళ్ళకి ముందు. వ్యాపారానికి ఇచ్చే స్థలాల్లో కూడా 5 శాతం, తక్కువ ధరకి. ఈ కాగితం పట్టుకుని నాలుగు నెలలు తిరిగాం. ఒకచోట ఫైలు కనపడలేదన్నారు, ఇంకోచోట ఆ అమ్మాయిని తీసుకురండి అని, తీసుకెళ్తే ఎందుకు తెచ్చారు అన్నారు. బ్యాంకు ఖాతాకి కూడా ఇద్దరు సాక్షులు కావాలన్నారు. చూపు లేదని ఖాతాదారుల్ని వేరుగా చూడకూడదని రిజర్వు బ్యాంకు 2008లోనే చెప్పింది, అది మాకు అప్పటికి తెలీదు, తెలిస్తే గట్టిగా అడిగేవాళ్ళం. మీరు అడగండి.

కొట్టు తెరిచి పది నెలలైంది. మొదటి నెల ఒక కుర్రాడు ఫోన్లో పంపేశానక్కా అని పంపకుండానే మూడుసార్లు సరుకు పట్టుకెళ్ళాడు. డబ్బులు పడితే పలికే డబ్బా పెట్టించాక అది ఆగింది. నూటికి రూపాయి వడ్డీ, నెలకి 2,000 అసలు. తొమ్మిది కిస్తీలు కట్టింది. ఎండాకాలం సెలవుల్లో స్కూలు మూసినప్పుడు ఒకటి ఆగింది, వచ్చే నెల కలిపి కడతానంది, సరే అన్నాం. అలాంటి నెల మాకూ ఉంటుంది.

పంచాయతీ తీర్మానం కాపీ ఆ అమ్మాయి పేరు మీదే తీసుకున్నాం, అన్న పేరు మీద కాదు. లామినేషన్ చేయించి కొట్లో తగిలించింది. రేపు చాక్లెట్లు పోయి జిరాక్స్ పెట్టినా, ఇంకోటి పెట్టినా చోటు తనదే.

వచ్చే నెల పక్క మండలం నుంచి చూపు లేని ఇద్దరు ఆడపిల్లలు పని నేర్చుకోవడానికి వస్తున్నారు. బాబాయికి మోకాళ్ళ నొప్పులు, ఈసారి నేర్పేది మా చెల్లెలే. ఇద్దరూ నెల రోజులు మా ఇళ్ళలోనే ఉంటారు. ఎవరింట్లో ఏ వారం భోజనమో మినిట్స్ పుస్తకంలో రాసేశాం.