లినక్స్ పోలేదు, తలుపు దగ్గర ఆపేశారు

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ పెట్టుకున్నవాళ్లు ఫార్మాట్ కొట్టేముందు ఈ కథ వినండి.

2024 ఆగస్టు 13న మైక్రోసాఫ్ట్ ఒక సెక్యూరిటీ అప్‌డేట్ వదిలింది. ఆ తర్వాత చాలా డ్యూయల్ బూట్ మెషిన్లలో విండోస్ బాగానే వచ్చింది. లినక్స్ సెలెక్ట్ చేస్తే మాత్రం "సమ్‌థింగ్ హాజ్ గాన్ సీరియస్లీ రాంగ్" అని చూపించి మెషిన్ ఆగిపోయింది. పెన్‌డ్రైవ్ పెట్టినా అదే మెసేజ్! దాంతో డిస్కే పోయిందేమో అని భయం.

నిజానికి ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి.

కొంచెం వెనక్కి వెళ్దాం. పాత కంప్యూటర్లలో డిస్క్ మొదట్లో 512 బైట్ల చోటు ఉండేది, బూట్ కోడ్ అక్కడే. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఆ చోట తన కోడ్ రాసుకునేది, లినక్స్ వాళ్ల గ్రబ్ ఎగిరిపోయేది. లైవ్ సీడీ పెట్టి గ్రబ్ మళ్లీ ఎక్కిస్తే సరి. 2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ వచ్చింది. ఇక సంతకం ఉన్న కోడ్‌కే ఎంట్రీ. లినక్స్‌కి షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ రాసి, దానికి మైక్రోసాఫ్ట్ సంతకం తీసుకున్నారు. నన్నడిగితే అసలు మెలిక ఇక్కడే పడింది. ఇల్లు మనది, గేటు పాసు ఇంకొకరిది.

2020లో గ్రబ్‌లో బూట్‌హోల్ అనే పెద్ద లోపం బయటపడింది. పాత గ్రబ్‌లన్నింటినీ ఒక్కొక్కటిగా బ్లాక్ చేద్దామంటే ఆ లిస్టుకి మదర్‌బోర్డు మెమరీలో చోటు చాలదు. అందుకే ఎస్‌బ్యాట్ తెచ్చారు. ఫలానా నంబర్ కంటే పాతదైతే లోపలికి రానివ్వొద్దు, అంతే. ఐడియా మంచిదే.

2024 అప్‌డేట్ ఆ నంబర్‌ని పెంచింది. డ్యూయల్ బూట్ మెషిన్ల జోలికి వెళ్లదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. కానీ కొన్ని రకాల సెటప్‌లను ఆ అప్‌డేట్ గుర్తుపట్టలేకపోయింది.

మరి ఫిక్స్? ముందు బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోండి, లేకపోతే విండోస్ కూడా లాక్ అవ్వొచ్చు. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి ఉబుంటులోకి వెళ్లి, మోక్‌యూటిల్ కమాండ్‌తో ఎస్‌బ్యాట్ పాలసీని డిలీట్ చేయాలి. రీస్టార్ట్ చేసి ఇంకోసారి ఉబుంటులోకే వెళ్లాలి, ఈ స్టెప్ వదిలేయొద్దు. షిమ్, గ్రబ్ అప్‌డేట్ చేసుకుని అప్పుడు సెక్యూర్ బూట్ ఆన్ చేయండి.

మైక్రోసాఫ్ట్ నుంచి పూర్తి ఫిక్స్ వచ్చింది మాత్రం 2025 మేలో. తొమ్మిది నెలలు!